మహారాజశ్రీ గాలం గారికి

మహారాజశ్రీ గాలం గారి దివ్య సముఖమునకు కోనసీమ నుంచి ఒక తాత రాయునది. ఉభయ కుశలోపరి అందామంటే నా కుడిచేతి చూపుడువేలు ఒప్పుకోవడం లేదు. ఈ ఉత్తరం ఫోన్లో ఎడంచేతి బొటనవేలితో కొడుతున్నాను. తప్పులుంటే అది మీ పుణ్యమే.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా అమ్మాయి, అల్లుడు, ఏడేళ్ల మనవరాలు వచ్చారు. "తాతయ్యా, చేపలు పట్టడం నేర్పుతానన్నావు" అని కారు దిగీ దిగకముందే అడిగింది. అన్నమాట నిజమే. ఆరు నెలలుగా ఫోన్లో కోతలు కోస్తున్నాను. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి కాలవ గట్టున కూర్చుంటే పొద్దుగూకేసరికి జెల్లలు, గొరకలు, బొమ్మిడాయిలు కొబ్బరి ఈనెకు గుచ్చుకుని వచ్చేవాణ్ణని. ఎన్ని తెచ్చానో చెప్పాను గానీ, ఇంటికొచ్చాక మా నాన్న చేతిలో ఎన్ని తిన్నానో చెప్పలేదు.

మీ గురించి కూడా గొప్పగానే చెప్పానండీ. జపాన్‌లో ఒకినావా దీవి మీద ఒక గుహలో నత్తగుల్లతో చేసిన మీ పూర్వీకులు దొరికారు, వాళ్ల వయసు సుమారు 23,000 ఏళ్లు. గుల్ల పోయి ఉక్కు వచ్చింది తప్ప వంకర మాత్రం అదే వంకర. ఇంత సర్వీసున్న ఉద్యోగి ఏ ఆఫీసులోనైనా ఉన్నాడా? అంత అనుభవం ఉంది కదా, ఒక్క పిల్లకి ఒక్క చేప చూపించలేకపోతారా అనుకున్నాను.

అసలు కొట్లోనే నా పరువు తీశారు. చిన్నపిల్ల కదా అని రెండో నెంబరు అడిగితే, కొట్టతను నా చిటికెన వేలంత కొక్కెం తీసి చూపించాడు. మీ వంశంలో నెంబరు పెరిగేకొద్దీ మనిషి చిన్నవాడవుతాడట! పరిగెలకైతే పన్నెండో నెంబరు పట్టుకెళ్లమన్నాడు. నేను బుర్ర గోక్కుంటుంటే మనవరాలికి చప్పున అర్థమైంది. "ర్యాంకుల్లాగ కదా తాతయ్యా? టూ అంటే పెద్దది, ట్వెల్వ్ అంటే చిన్నది." రెండో తరగతి పిల్ల.

బయల్దేరేటప్పుడు మా అమ్మాయి టోపీ, సన్‌స్క్రీన్, దోమల క్రీము, శానిటైజర్‌తో పాటు గాలి నింపిన ఈత ట్యూబు కూడా ఇచ్చింది. గట్టు మీద కూర్చోడానికి ట్యూబెందుకే అంటే "నీకు తెలీదులే నాన్నా" అంది. అదే కాలవలో తనకి ఈత నేర్పినవాణ్ణి నేనే. అల్లుడు వీడియో తీయడానికి వెనకాలే వచ్చాడు. ఆ ఊరేగింపు చూసి చేపలు ఏమనుకున్నాయో గానీ, గట్టు మీద మేకలు మాత్రం పక్కకి తప్పుకున్నాయి.

అరటి చెట్టు మొదట్లో తవ్వి ఎర్రలు తీశాను. అందులో లావుపాటిదాన్ని చేతిలోకి తీసుకుని "దీని పేరు లడ్డూ" అంది మనవరాలు. ఇక అయిపోయింది. పేరు పెట్టిన ఎర్రని గాలానికి గుచ్చే గుండె నాకు లేదు. లడ్డూని, దాని బంధువుల్ని తిరిగి మట్టిలో వదిలి, తవుడు ముద్ద చేసి మీకు తగిలించాను. నీళ్లలో పడ్డ రెండో నిమిషానికి తవుడు కరిగిపోయింది, మీరు ఒంటరిగా వేలాడుతున్నారు. ఆ సంగతి చేపలకి తెలిసినంత త్వరగా నాకు తెలియలేదు.

ఈ కాలవ ధవళేశ్వరం నుంచి వస్తుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో ఎంతమంది తాతలు ఎంతమంది మనవల్ని ఇలాంటి గట్లమీద కూర్చోబెట్టి ఉంటారో. వాళ్లకి చేపలు పడ్డాయి. మాకు మొదట గుర్రపుడెక్క పడింది. తర్వాత పాల ప్యాకెట్టు. ఆ తర్వాత ఎవరిదో ఎడంకాలి చెప్పు. చేపల ఉత్పత్తిలో దేశంలోకెల్లా మన ఆంధ్రప్రదేశే ఫస్టు అని పేపర్లో చదివి మురిసిపోతుంటాను. ఆ చేపలన్నీ చెరువుల్లో, వేళకి మేత తింటూ, కాపలావాడి టార్చిలైటు వెలుగులో పెరుగుతున్నాయి. నాలాంటివాడు అక్కడికి గాలం పట్టుకెళితే పోలీసు కేసవుతుంది.

ఒక్కటి మాత్రం జరిగింది. గుర్రపుడెక్క పక్కన నీళ్లు 'బుడుక్'మన్నాయి. అది కొరమీను, గాలి పీల్చుకోడానికి పైకొచ్చింది, నీళ్లలోనే ఉంటే దానికి ఊపిరాడదు అని చెప్పాను. "కొర్రమీనా? తెలంగాణ స్టేట్ ఫిష్!" అంది. జీకే పుస్తకంలో బొమ్మ తప్ప ఎప్పుడూ చూడలేదు. మళ్లీ పైకొస్తుందేమోనని నోరు మూసుకుని పావుగంట అటే చూసింది. ఆ పావుగంటలో నెమలి ఈక బెండు రెండుసార్లు మునిగినా నేను లాగలేదు. ఈ విషయం మీకు ఇప్పుడే చెబుతున్నాను.

మీకు పౌరుషం వచ్చినట్టుంది. డెక్కలో ఇరుక్కున్న మిమ్మల్ని విడిపిద్దామని దారం గుంజితే ఎగిరొచ్చి నా వేల్లో దిగబడ్డారు. ఇకనుంచి నువ్వు అనే పిలుస్తాను. రక్తం తాగాక ఇంకా గారు ఏమిటి?

వెనక్కి లాగితే నీ ముల్లు రాదు. లోపలికి పోవడమే తప్ప బయటికి రావడం తెలియని బుద్ధి నీది, మా ఊరి వడ్డీ వ్యాపారి బుద్ధి. చివరికి ఆర్‌ఎంపీ నీ వంకరకు దారం కట్టి, కాడని కిందికి నొక్కిపట్టి ఒక్క గుంజు గుంజాడు. టీటీ ఇంజెక్షన్ పొడిచి, నిన్ను దూదిలో చుట్టి నా చేతికే ఇచ్చాడు. ఈలోగా అల్లుడు ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెట్టేశాడు: "ఈరోజు గాలానికి పడింది, 72 కిలోలు." మా ఆవిడ నానబెట్టిన చింతపండుతో ఆ పూట వంకాయ పులుసు కాచింది. ఒక్క మాట అనలేదు. అది ఇంకా నొప్పి.

ఇదంతా క్షమించేవాణ్ణే. కట్టు కడుతుంటే మనవరాలు నా వేలు వంక చూసి, "తాతయ్యా, చేపకి కూడా ఇలాగే గుచ్చుకుంటుందా?" అని అడిగింది. అరవై ఏళ్ల చేపల వేటలో నన్నెవరూ అడగని ప్రశ్న. "అన్నం తిందాం పద" అన్నాను. హైదరాబాదు వెళ్లాక కూడా మానలేదు, వారానికోసారి ఫోన్లో గుర్తు చేస్తోంది. గుచ్చేది నువ్వు కాబట్టి జవాబు నువ్వే రాయాలి.

మే నెలలో మళ్లీ వస్తారు. అప్పటికి కాలవ కట్టేస్తారు, అక్కడక్కడ గుంటల్లో మాత్రం నీళ్లుంటాయి. కొరమీనుకి అవి చాలు. "ఆ గాలం పారేశావా తాతయ్యా" అని నిన్న అడిగితే, చూరులో గుచ్చేశాను, తుప్పు పట్టిపోతోంది అన్నాను. రాత్రి అందరూ పడుకున్నాక స్టూలెక్కి నీకు కొబ్బరినూనె రాసింది ఎవరో నీకు తెలుసు. మా ఆవిడకి చెప్పకు.

ఇట్లు,
కట్టు ఇంకా విప్పని ఒక తాత