పాపసంకీర్తన పెట్టెగారికి ఒక విన్నపం

గౌరవనీయులైన పాపసంకీర్తన పెట్టెగారికి,

చర్చిలో మీ జాలీకి ఇటువైపు మోకాళ్లూని, అటువైపు కూర్చున్న ఫాదర్‌గారికి నా పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందడం నాకు చిన్ననాటి నుంచీ అలవాటు. అందువల్ల కుర్చీలో కూర్చుని రాస్తున్న ఈ ఉత్తరంలో వినయం కాస్త తగ్గినట్లు తోస్తే మన్నించగలరు. మన్నించడం మీకు కొత్త కాదు.

అన్నమయ్య పాడినవి సంకీర్తనలు, నేను మీ చెవిలో వల్లించేదీ సంకీర్తనమే. రాగం లేకపోయినా నా పాటకు సాహిత్యం మాత్రం స్థిరంగా ఉంది: కోపపడ్డాను, అబద్ధాలాడాను, రెండు ఆదివారాలు పూజకు రాలేదు, దురాశ కలిగింది. అటువైపు ఫాదర్లు బదిలీల మీద మారుతూ వచ్చారు గానీ ఇటువైపు చరణాలు మారలేదు. కోపం ఎవరి మీద, అబద్ధం ఎవరితో, దురాశ దేని మీద అన్న వివరాలను మీ చీకటి, మీ జాలీ, వెనక లైన్లో నిలబడినవారి దగ్గూ కలిసి ఎప్పుడూ మింగేసేవి.

దురాశ దేని మీదో ఇప్పుడు చెబుతాను. మా నాన్నగారు పోయాక పొలం రెండు భాగాలైంది. తమ్ముడు తన భాగాన్ని కౌలుకిచ్చి హైదరాబాదు వెళ్లాడు. మధ్యలో గట్టు ఉంది. దుక్కి దున్నేటప్పుడు ఆ గట్టును నేను సాలుకొక సాలు చొప్పున అటు జరిపాను. కౌలుదారు చూసినా, పెద్దవారితో మనకెందుకని ఊరుకున్నాడు. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేసి తీరాలని 1215లో మా కథోలిక మతపెద్దల నాలుగో లాటరన్ మహాసభ శాసించింది కనుక, సాలుకొకసారి ఈస్టరు ముందరి పవిత్ర వారంలో వచ్చి దురాశ కలిగిందని మీతో చెప్పాను. మరియతల్లికి చెప్పుకునే మంగళవార్త జపాలు మూడు ప్రాయశ్చిత్తంగా దొరికేవి. వాటిని దేవాలయం మెట్లు దిగేలోపే పూర్తి చేసేవాణ్ణి. లెక్క వేస్తే సాలుకు మూడు జపాలు పడ్డాయి, మా మండలంలో భూమి ఇంత చవకగా ఇంకెవరికీ దొరికి ఉండదు.

మీ వంశచరిత్ర కూడా తిరగేశాను. గ్రీకు నగరం తెస్సలోనికలో జనాన్ని ఊచకోత కోయించినందుకు, 390లో రోమా చక్రవర్తి థియొడోషియస్‌ను ఇటలీలోని మిలాను నగరపు బిషప్పు అంబ్రోసు, పూజలో అందే సత్ప్రసాదానికి దూరంగా ఉంచి, అందరి ఎదుటా పశ్చాత్తాపపడేలా చేశాడు. రాజలాంఛనాలు తీసేసి చక్రవర్తి ఏడ్చాడంటారు. ఆ తరువాతి కాలంలో ఐర్లండు మఠాల సన్యాసులు ఫలానా పాపానికి ఇన్నాళ్లు రొట్టె, నీళ్లు అని పట్టీలు రాసి పెట్టుకున్నారు. గట్టు జరిపినవాడికి వాళ్లు ఏం రాసి ఉండేవారో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు. 16వ శతాబ్దంలో అదే మిలానులో ఆర్చిబిషప్పు చార్లెస్ బొరొమెయో మీకు చెక్క గోడలు కట్టించి, మధ్యలో జాలీ బిగింపజేశాడు. పాపసంకీర్తనానికి వచ్చే స్త్రీలకు ఇబ్బంది కలగకూడదనీ, గురువుల మీద నింద పడకూడదనీ ఆయన ఉద్దేశం. అది మంచిదే, ఆ అవసరం నిజమే. ఒకే ఊళ్లో చక్రవర్తికి ఆరుబయట కన్నీళ్లు, పన్నెండు వందల ఏళ్లు తిరిగేసరికి నాబోటివాడికి చాటు. ఈ ఏర్పాటులో నాకు దక్కిన సౌకర్యానికి మీకు కృతజ్ఞత చెప్పకపోతే అది ఇంకో పాపమవుతుంది.

ఆవలి వీధిలో ఉండే, ప్రొటెస్టెంటుల్లో లూథరన్ శాఖకు చెందిన బావగారు ఈ మాట వింటే, "మాకు పెట్టె లేదు, నేరుగా ప్రభువుతోనే" అంటారు. వాళ్ల శాఖకు మూలపురుషుడైన లూథరు ఏకాంత పాపసంకీర్తనాన్ని తీసేయలేదని, 1530 నాటి వాళ్ల ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రకటనలో కూడా అది ఉండాలనే రాశారని చెబితే, ఆయన మాట మారుస్తారు. ఆ మాటకొస్తే, మైకు పట్టుకుని పాత పాపాలను సాక్ష్యంగా చెప్పే సభల్లో కూడా గట్ల ప్రస్తావన విన్న జ్ఞాపకం నాకు లేదు. తాగుడు మానేసిన కథలు వింటాం, తాగడానికి అమ్మేసిన భార్య నగలు తిరిగి చేయించిన కథలు వినం.

నాకు మీ మీద ఉన్న అసలు ఫిర్యాదు ఒక మాట గురించి. తెలుగులో క్షమాపణ అనేది అడిగేదీ అదే, దొరికేదీ అదే. తమ్ముడికి చెప్పవలసింది క్షమాపణ, మీ దగ్గర నేను పొందింది పాపక్షమాపణ. పేరు ఒకటే కావడంతో రెండోది అందగానే మొదటిది చెల్లిపోయిందనుకున్నాను. పీఠం దగ్గర కానుక విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి సువార్త చెప్పిన సంగతి నాకు తెలియనిది కాదు, చాలా ఆదివారాలు ఆ పఠనాన్ని నేనే చదివాను. సరిహద్దు రాయిని జరిపినవాడు శాపగ్రస్తుడని బైబిలులోని ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయం చెబుతుంది. అయితే మాది రాయి కాదు, గట్టు. ఇక యేసును చూడాలని చెట్టెక్కిన సుంకరి జక్కయ్య సంగతి వేరు. మేడిచెట్టు దిగీ దిగగానే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని నలుగురిలోనూ అనేశాడు. పాపం, అతనికి మీవంటి సదుపాయం లేదు.

ఇంతకాలం సాఫీగా నడిచిన మన వ్యవహారం ఈస్టరుకు ముందు వచ్చే ఈ తపస్సు కాలంలో చెడింది. కొత్తగా వచ్చిన ఫాదర్‌గారు, దురాశ అనగానే, "దేని మీద?" అని అడిగారు. పొలం అన్నాను. "ఎవరిది?" అన్నారు. చెప్పాను. "గట్టు ఇప్పుడు ఎక్కడుంది బాబూ?" అన్నారు. మూడు జపాల కోసం ఎదురుచూస్తున్న నాకు ఆయన, తీసుకున్నది తిరిగి ఇచ్చే ఉద్దేశం ఉంటేనే పశ్చాత్తాపమని, ముందు గట్టును జరిపి రమ్మని, ఆ తరువాత తీరిగ్గా మాట్లాడుకుందామని సెలవిచ్చారు. మీ గోప్యత నియమం ప్రకారం ఆయన ఈ సంగతి మా తమ్ముడికి చెప్పరు, ప్రాణం మీదికి వచ్చినా చెప్పకూడదు. అంటే చెప్పవలసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

సర్వేయరుకు కబురు పెట్టాను. ఈస్టరుకు తమ్ముడు పిల్లలతో వస్తున్నాడు. వాడికీ నాకూ మధ్య అడ్డం పెట్టుకోవడానికి జాలీ లాంటిదేమైనా దొరుకుతుందేమోనని ఇల్లంతా వెతికాను, దోమతెర తప్ప ఏమీ కనబడలేదు.

ఇట్లు,
మీ ఎడమవైపు మోకాళ్లపీటను అరగదీసినవాడు