అప్పు ముందా, పొదుపు ముందా? ముందు వడ్డీ రేటు చెప్పండి

"ముందు అప్పంతా తీర్చెయ్, పొదుపు సంగతి తర్వాత" అని ఒకరంటారు. "చేతిలో నాలుగు డబ్బులు లేకుండా అప్పు కట్టడమేంటి" అని ఇంకొకరంటారు. ఏ అప్పు, ఎంత వడ్డీ, ఇంకెన్ని నెలలు అని మాత్రం ఇద్దరూ అడగరు. ఈ మూడూ అడక్కుండా సలహా ఇచ్చేవాళ్లని నమ్మకండి.

అన్నిటికంటే ఖరీదైన అలవాటుతో మొదలుపెడదాం. బ్యాంకులో 7 శాతానికి డిపాజిట్ ఉంటుంది. పక్కనే క్రెడిట్ కార్డు బాకీ నెలకు 3 శాతం చొప్పున పెరుగుతుంటుంది. "డిపాజిట్ కదపను, అది సేవింగ్స్" అంటారు! నెలకు 3 అంటే ఏడాదికి 36 కాదు, వడ్డీ మీద వడ్డీ కలుపుకుంటే దాదాపు 42.6 శాతం. డిపాజిట్ మీద వచ్చే 7లో ఐదో వంతు పన్నుకు పోతే మిగిలేది 5.6. అంటే ఆ డిపాజిట్‌లో ఉన్న ప్రతి వందకీ ఏడాదికి 37 చొప్పున పోగొట్టుకుంటున్నారన్నమాట. దీన్ని పొదుపు అనడం నాకు నోరు రాదు.

పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం చాలా కార్డుల్లో వడ్డీ లేని గడువు ఎగిరిపోతుంది. కొత్తగా కొన్నదానికి కొన్న రోజు నుంచే వడ్డీ. కాబట్టి బాకీ సున్నా అయ్యేదాకా ఆ కార్డు వాడకూడదు. స్టేట్‌మెంట్‌లో చూపించిన మొత్తం కట్టేసినా మరుసటి నెల చిన్న మొత్తం వడ్డీ కనిపించొచ్చు. అది స్టేట్‌మెంట్ తేదీకీ, మీరు కట్టిన తేదీకీ మధ్య రోజుల వడ్డీ. మొత్తం కట్టేశాం కదా అని దాన్ని వదిలేస్తే లేట్ ఫీజు పడి మళ్లీ మొదటికొస్తుంది.

అలాగని ఖాతా ఊడ్చి మొత్తం లోన్‌కు కట్టేసేవాళ్లూ తప్పే చేస్తున్నారు. మామూలు లోన్‌కు కట్టిన డబ్బు వెనక్కి రాదు. "పోయిన నెల లక్ష అదనంగా కట్టాను, ఈ నెల ఈఎంఐ వదిలెయ్యండి" అంటే మామూలుగా బ్యాంకు ఒప్పుకోదు. జీతం ఆగిన నెల కూడా ఈఎంఐ తేదీ మారదు. బౌన్స్ అయితే ఛార్జీలు, క్రెడిట్ స్కోరుకు దెబ్బ, ఆ తర్వాత దొరికే కొత్త అప్పుకు ఎక్కువ వడ్డీ. "కార్డు లిమిట్ ఉందిగా, అదే ఎమర్జెన్సీ ఫండ్" అనేవాళ్లకు ఒక మాట: ఆ లిమిట్ ఇచ్చింది కార్డు కంపెనీ, తగ్గించే హక్కూ దానిదే. మీ పరిస్థితి బాగోలేదని తెలిసినప్పుడే దాన్ని తగ్గించే అవకాశం ఎక్కువ.

అందుకే నేను చెప్పే వరస ఇది. ముందుగా ఒక నెల తప్పనిసరి ఖర్చులు, ఈఎంఐలతో సహా, చేతికి అందేలా పక్కన పెట్టండి. తర్వాత కార్డు బాకీ, యాప్ లోన్లు లాంటి ఎక్కువ వడ్డీ అప్పుల మీద పడండి. అవి తీరేదాకా కొత్త పొదుపు ఆపినా నష్టం లేదు. ఒక్క మినహాయింపు: మీరు రిటైర్మెంట్ ఖాతాలో వేసినంతా కంపెనీ కూడా వేస్తుంటే, అది వచ్చేమేరకు మాత్రం ఆపకండి. ఆ తర్వాత ఎమర్జెన్సీ ఫండ్‌ను మూడు నుంచి ఆరు నెలల ఖర్చులకు పెంచండి. ఆదాయం నిలకడగా లేనివాళ్లకు ఆరు కూడా తక్కువే. తక్కువ వడ్డీ లోన్ల సంగతి ఆ పైన చూసుకోవచ్చు.

చిన్న అప్పు ముందు తీర్చాలా, ఎక్కువ వడ్డీది ముందా అనే గొడవ మీద నేను సమయం వృథా చేయను. లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీదే. కాకపోతే రేట్లలో ఒకటి రెండు శాతమే తేడా ఉంటే చిన్నది ముగించెయ్యండి, నెలకు ఒక ఈఎంఐ తగ్గుతుంది.

రేట్లు పోల్చేటప్పుడు ఫ్లాట్ రేటు దగ్గర చాలామంది బోల్తా పడతారు. లక్ష అప్పు, మూడేళ్లు, ఫ్లాట్ 10 శాతం అంటే మొత్తం వడ్డీ 30 వేలు, నెలకు 3,611. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే వేస్తారు. రెడ్యూసింగ్ పద్ధతిలో, అంటే మిగిలిన అసలు మీదే వడ్డీ లెక్కేసే పద్ధతిలో చూస్తే అది దాదాపు 18 శాతం. 12 శాతం రెడ్యూసింగ్ లోన్‌ను ముందు తీర్చి, "10 శాతమేగా" అని దీన్ని ఉంచుకోవడం తలకిందుల వ్యవహారం.

ఇక ప్రీపేమెంట్, అంటే గడువుకు ముందే అదనంగా కట్టడం. 10 లక్షల లోన్, 12 శాతం, 60 నెలలు. ఈఎంఐ 22,244. ఏడాది కట్టాక అసలు ఇంకా 8 లక్షల 45 వేల దాకా ఉంటుంది. అప్పుడు లక్ష అదనంగా కట్టి ఈఎంఐ తగ్గించుకుంటే ఆదా అయ్యే వడ్డీ సుమారు 26 వేలు. ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించుకుంటే సుమారు 56 వేలు, ఏడు నెలలు ముందే అయిపోతుంది. కట్టింది అదే లక్ష! ఏది కావాలో మీరు రాసివ్వకపోతే వాళ్లకు తోచింది చేస్తారు. కొన్నిచోట్ల ఆ డబ్బును అసలులో తగ్గించకుండా రాబోయే ఈఎంఐల అడ్వాన్స్ కింద ఉంచేస్తారు, అప్పుడు వడ్డీ తగ్గదు. కట్టిన వారంలో కొత్త షెడ్యూల్ తెప్పించుకుని అసలు ఎంత తగ్గిందో చూసుకోండి.

అదే లోన్‌కు చివరి ఆరు ఈఎంఐలే మిగిలాయనుకోండి. బాకీ 1,28,900 చిల్లర. ఇప్పుడు మూసేస్తే ఆదా అయ్యే వడ్డీ నాలుగున్నర వేలు. ముందే మూసినందుకు వేసే ఫోర్‌క్లోజర్ ఛార్జీ 3 శాతం ఉంటే అందులో దాదాపు 3,870 దానికే పోతుంది. "చివర్లో కట్టినా లాభం లేదు, వడ్డీ అంతా ముందే లాగేశారు" అనే మాట మాత్రం తప్పు. ఉన్న బాకీ మీద వడ్డీ ఇప్పటికీ అదే 12 శాతం, మిగిలిన కాలమే తక్కువ. ఎమర్జెన్సీ ఫండ్ పల్చగా ఉన్నవాళ్లు ఈ దశలో లక్షా ముప్పై వేలు ఊడ్చి ఆరు వందల చిల్లర ఆదా చేయడం దండగ. ఆ డబ్బు ఉంచుకుని ఆరు నెలలూ మామూలుగా కట్టుకోవడమే నయం.

మీ లోన్‌కు ఓవర్‌డ్రాఫ్ట్ తరహా ఖాతా ఉంటే సగం తలనొప్పి పోతుంది. అందులో ఉంచిన డబ్బు మేరకు వడ్డీ పడదు, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. రేటు కాస్త ఎక్కువ ఉండొచ్చు కాబట్టి అందులో నిలకడగా ఎంత ఉంచగలరో చూసుకుని తీసుకోవాలి.

లోన్ మూసేశాక బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్, తాకట్టు పెట్టిన కాగితాలు తీసుకోండి. ఖాతాలోంచి ఈఎంఐ దానంతటదే కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతిని (ఆటో డెబిట్ మ్యాండేట్) రద్దు చేయించండి, లేకపోతే మరో ఈఎంఐ కోసేసి, దాన్ని వెనక్కి రాబట్టడానికి మీచేత మెయిళ్లు రాయిస్తారు. నెలా రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టులో "క్లోజ్డ్" అని ఉందో లేదో చూడండి. "సెటిల్డ్" అని ఉంటే, మీరు పూర్తిగా కట్టినా తక్కువకు రాజీ కుదుర్చుకున్నట్టు లెక్క, వెంటనే సరిచేయించుకోండి.