లోకల్ అంటే లోకువా?

తిరుపతిలో గంటసేపు గట్టి వాన పడితే జనానికి కావాల్సిన వార్తలు మూడే. వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయా? ఘాట్ రోడ్డు తెరిచే ఉందా? రేపు స్కూళ్లు ఉన్నాయా, లేవా? రాష్ట్రస్థాయి న్యూస్ ఛానళ్లలో వీటికి జవాబు దొరకదు. దొరికినా అసెంబ్లీ రగడ ముగిశాక ఎప్పుడో స్క్రోలింగ్‌లో జారిపోతుంది. చెప్పేది కేబుల్‌లో వచ్చే లోకల్ ఛానల్. ఆ ఛానల్లో కెమెరా ముందు కూర్చునేది చాలాసార్లు డిగ్రీ అయి రెండేళ్లు కూడా గడవని అమ్మాయి. పెద్ద ఛానళ్ల యాంకర్లకు ఉన్న పేరు ఆమెకు లేదు, జీతం సంగతి అడగకపోవడమే మంచిది. కానీ కూరగాయల మార్కెట్లో ఆమె కనపడితే "పాపా, మా వీధికి నాలుగు రోజులుగా నీళ్లు రాలేదు, టీవీలో చెప్పమ్మా" అని చెయ్యి పట్టుకుని అడిగే చనువు ఊరికి ఉంది. అది హైదరాబాద్ స్టూడియోల్లో ఎవరికీ దొరకని హోదా.

అండర్ బ్రిడ్జి సంగతి చిన్న వార్త అనుకోవద్దు. 2021 అక్టోబరులో అక్కడి నీళ్లలో కర్ణాటక నుంచి వచ్చిన భక్తుల వాహనం చిక్కుకుని ఓ యువతి ప్రాణం పోయింది. ఊరివాళ్లకు అక్కడ నీళ్లు నిలుస్తాయని తెలుసు, బయటివాళ్లకు తెలియదు. మరుసటి నెలలోనే కుండపోత. స్వర్ణముఖి పొంగింది, మెట్ల దారిలో రాళ్లూ చెట్లూ కొట్టుకొచ్చాయి, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట లీకవుతోందని కింది పల్లెల్ని ఖాళీ చేయించారు. కట్ట తెగిందని ఒక ఫోను, తెగలేదని ఇంకో ఫోను. ఎవరిని నమ్మాలి? ఆ పూట వాట్సాప్‌లో తిరిగే వీడియో ఏ ఊరిదో, ఏ ఏటిదో ఎవరికీ తెలియదు. రోజూ సాయంత్రం కనపడే ముఖం, రోజూ వినపడే గొంతు 'కట్ట ఉంది, కానీ మీరు మాత్రం కదలండి' అంటే జనం కదులుతారు. గంగజాతరకు చాటింపు పడిందంటే జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదన్నది తిరుపతి కట్టుబాటు. చాటింపు వేసే మనిషి మాటకు ఊరు ఇచ్చిన విలువ అది. ఆపద వేళ లోకల్ యాంకర్ చేసే పని కూడా అలాంటిదే.

ఈ నమ్మకం ఊరికి ఆస్తి అని మా అభిప్రాయం. దాన్ని ఛానల్ యజమానులు, అధికారులు, నాయకులు తలా కాస్త ఖర్చు పెట్టేస్తున్నారే తప్ప తిరిగి జమ చేస్తున్నవాళ్లు లేరు.

తెలుగులో టీవీ వార్తకు నమ్మకం ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. టెలిప్రాంప్టర్ లేని రోజులు. వార్తల్ని ముందే బుర్రకెక్కించుకుని, తొణక్కుండా, గొంతు పెంచకుండా చదివేవారు. 2024 ఏప్రిల్ 5న ఆయన పోయినప్పుడు ఆయన్ని ఎన్నడూ కలవని లక్షలమంది సొంత మనిషి పోయినట్టు మాట్లాడుకున్నారు. తర్వాత 1995లో ప్రైవేటు ఛానళ్లు, 2004 నుంచి 24 గంటల వార్తలు వచ్చాయి, గొంతులు పెరిగాయి. ఇప్పుడు చిత్తూరులో కొత్తగా చేరిన అమ్మాయికి కూడా ట్రైనింగ్ పేరుతో నేర్పేది ఆ అరుపే. కుళాయి లీకును కూడా 'బ్రేకింగ్' అని కేక వేస్తే, నిజంగా చెరువు తెగిన రోజున ఏ గొంతుతో చెబుతారు?

ఆమె పని ఎలా ఉంటుందో చూసేవాళ్లకు తెలియదు. బులెటిన్ చదవడం అందులో పావు వంతు. ఉదయం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్, మధ్యాహ్నం వాయిస్ ఓవర్, మనిషి లేకపోతే ఎడిటింగ్ కూడా. బ్రహ్మోత్సవాలు వస్తే మాడవీధుల దగ్గర గంటల తరబడి నిలబడాలి. ఇదంతా ఉద్యోగం. ఆ పైన ఊరు అడిగేది ఇంకొకటి ఉంది. రక్తదాన శిబిరానికి యాంకరింగ్ చెయ్యమంటారు, కాలేజీ వార్షికోత్సవానికి రమ్మంటారు, తప్పిపోయిన ముసలాయన ఫొటో పంపిస్తారు, రుయా ప్రభుత్వాసుపత్రిలో ఉన్న రోగికి ఓ నెగిటివ్ రక్తం కావాలని రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తారు. చాలామంది యాంకర్లు కాదనరు. స్క్రోలింగ్ వేసి ఊరుకోకుండా తమకు తెలిసిన దాతలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసేవాళ్లున్నారు. 2021 మే 10 రాత్రి రుయాలో ఆక్సిజన్ సరఫరా తడబడి 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించినప్పుడు, లోపల బెడ్ల మీద మనుషులున్న ఇళ్లన్నిటిదీ ఒకటే ప్రశ్న: మావాళ్లకు గాలి అందుతోందా? అలాంటి రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో తెలియనివాళ్లు తమకు తెలిసిన టీవీ మనిషికే చేస్తారు. ఇవన్నీ చేసినందుకు స్టేజీ మీద ఒక శాలువా, ఒక మెమెంటో. శాలువాలకు బియ్యం రావు.

అలాగని సేవ పేరుతో జరిగేదంతా సేవ అని మేము ఒప్పుకోం. ఏడు గంటలకు వార్తలు చదివిన ముఖమే ఏడున్నరకు రేణిగుంట రోడ్డులో ప్లాట్లు కొనమంటుంది, ఎనిమిదికి మోకాళ్ల నొప్పులకు నూనె అమ్ముతుంది. ఆ వెంచర్‌కు అనుమతులు లేవని రేపు తేలితే జనం తిట్టేది యజమానిని కాదు, ఆ అమ్మాయిని. కొన్నిచోట్ల అన్నదానం వార్త అయిపోగానే దాతగారి ఫ్లెక్సీ, ఆయన వెనకాల పార్టీ జెండా. ఎన్నికలొస్తే చెప్పనే అక్కర్లేదు. వార్త చదివే మనిషితో ప్రకటన చేయించకూడదన్న ఒక్క నియమం యజమానులు పెట్టుకుంటే సగం జబ్బు కుదురుతుంది. ఆదాయం పోతుందంటారు. ప్రకటనలు వద్దని ఎవరూ అనడం లేదు, వేరే ముఖం పెట్టుకోమంటున్నాం.

శిక్షణ లోపం దీనికన్నా ప్రమాదం. తప్పిపోయిన పాప దొరికింది, ఆమె మీద అఘాయిత్యం జరిగిందని తేలింది. ఉదయం దాకా వేసిన ఫొటోనే సాయంత్రం కూడా వేస్తే అది నేరం. పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ బిడ్డ పేరు, ఫొటో, ఊరు, బడి, ఆమెను గుర్తుపట్టే ఏ ఆనవాలూ బయటపెట్టకూడదు. సాయం చేయాలన్న ఆత్రంలో ఈ గీత దాటినవాళ్లకు ఆ గీత ఉందని చెప్పినవాళ్లెవరు? తిరుపతిలో 1983లో మొదలైన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, అందులో జర్నలిజం శాఖ ఉంది. అంతకు ముందే 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) ఉంది. వేసవిలో రెండు వారాలు లోకల్ ఛానళ్ల సిబ్బందికి చట్టం, ఉచ్చారణ, విపత్తు వార్తల మీద క్లాసులు పెట్టడానికి ఈ యూనివర్సిటీలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఉచ్చారణ అన్నాం కాబట్టి ఒక మాట. చిత్తూరు జిల్లా పిల్ల యాంకర్ కాగానే ముందు వదిలించుకునేది సొంత యాసనే. వార్త ప్రామాణిక భాషలో ఉండడం సబబే. కానీ పలమనేరు పక్క పల్లెలో చెనిక్కాయ చేలోకి ఏనుగులు దిగుతున్నాయని చెప్పేటప్పుడు "గుంపు ఇటే వస్తా ఉండాది, రాత్రికి చేను కాడికి పోవద్దండప్పా" అంటే తప్పేముంది? కౌండిన్య అడవి అంచు రైతుకు అది సూటిగా తాకుతుంది. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీలు, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులు వచ్చాయి, ముసలిమడుగు దగ్గర క్యాంపూ పెట్టారు. అయినా గుంపు ఏ రాత్రి ఎటు నడుస్తుందో చెప్పే సమాచారం రైతుకు ఇంకా కావాల్సిందే. నగరి, సత్యవేడు వైపు అయితే రెండు ముక్కలు తమిళంలో చెప్పినా నష్టం లేదు.

అదే 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయం జరిగింది. ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. ధర మీద నాయకుల మాటలు అన్ని ఛానళ్లలోనూ వచ్చాయి. రైతుకు ఆ పూట కావాల్సింది ఏ ఫ్యాక్టరీలో అన్‌లోడింగ్ నడుస్తోంది, ఎక్కడ టోకెన్లు ఆపేశారు అన్నది. అది చెప్పగలిగేది స్థానికంగా తిరిగే మనిషి మాత్రమే.

అధికారుల సంగతీ చెప్పుకోవాలి. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం బైరాగిపట్టెడ దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. టోకెన్లు ఇచ్చేది మర్నాడు వేకువన. జనం ముందురోజే చేరిపోయారు, గేటు తెరుచుకోగానే టోకెన్లు ఇస్తున్నారనుకుని తోసుకున్నారు. లోకల్ ఛానల్ ఉంటే ఇది జరిగేది కాదని మేము అనం, తప్పు తప్పే, ఏర్పాట్లు చేయాల్సినవాళ్లదే. కానీ పండగలప్పుడు, వానలప్పుడు అధికార యంత్రాంగం స్థానిక మీడియాకు చేసేదల్లా గ్రూపులో ఒక ప్రెస్ నోట్ పడేయడం. ప్రశ్న అడిగితే ఫోన్ ఎత్తరు. ఫోన్ ఎత్తని చోట పుకారు పుడుతుంది. గాయపడినవాళ్లు రుయాలో ఉన్నారా, స్విమ్స్‌లో ఉన్నారా అని బంధువులు పరుగులు పెట్టే గంటలో ఒక్క అధికారి కెమెరా ముందుకొచ్చి పేర్లు చదివితే ఎంత టెన్షన్ తగ్గేది!

ఇక చట్టం. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికలవాళ్లకే పరిమితమై ఉండేది. 2020లో తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ టీవీ వాళ్లనూ ఆ నిర్వచనంలోకి తెచ్చింది, నియామక పత్రం తప్పనిసరి చేసింది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. మెలిక ఎక్కడంటే, పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలకే అది వర్తిస్తుంది. ఇద్దరు యాంకర్లు, ఇద్దరు కెమెరామెన్, ఒక ఎడిటర్‌తో నడిచే ఛానల్ ఆ లెక్కలోకి రాదు. స్ట్రింగర్లనీ, ఫ్రీలాన్సర్లనీ రాసుకుంటే పెద్ద ఛానలూ తప్పించుకోవచ్చు. అంతకు ముందు 2022 నవంబరు చివర్లో కేంద్రం కేబుల్ ఆపరేటర్ల సొంత ఛానళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. స్థానిక వార్తలు వేయాలంటే కంపెనీగా నమోదు కావాలంది. ఛానల్ ఎవరిదో తేలాలన్న పట్టింపు ఉంది, మంచిదే. ఆ ఛానల్లో ముఖం చూపించే మనిషికి జీతం ఏ తేదీన పడుతుందో, రాత్రి పదింటికి ఆమెను ఇంటికి ఎవరు చేర్చాలో అడిగే పట్టింపు కూడా ఉండాలి. సోషల్ మీడియాలో ఆమె ఫొటోల కింద రాసే బూతులకు ఫిర్యాదు చేయాల్సింది ఆమె ఒక్కతే కాదు, ఛానల్ తరఫున యజమాని చేయాలి.

2023 జూలైలో ఒడిశాలో ఓ ఛానల్ కృత్రిమ మేధతో 'లిసా' అనే బొమ్మ యాంకర్‌ను తెచ్చింది. ఆ తర్వాత తెలుగులోనూ అలాంటివి కనపడ్డాయి. ఖర్చు తగ్గుతుందని మన దగ్గరా కొందరు యజమానులకు ఆశ పుట్టినట్టుంది. బొమ్మ వానలో తడవదు, జీతం అడగదు, నిజమే. ఓ నెగిటివ్ రక్తం కోసం రాత్రి పదకొండుకు చేసిన ఫోన్ కూడా ఎత్తదు.

ఈశాన్య రుతుపవనాలు ఏటా అక్టోబరులోనే మన జిల్లాల మీద పడతాయి. అప్పటికి తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లలో జరిగే వర్షాల సన్నద్ధత సమావేశానికి ఇరిగేషన్, విద్యుత్, పోలీసులతో పాటు లోకల్ ఛానళ్ల యాంకర్లనూ పిలవాలి. ఏ చెరువుకు ఎవరు బాధ్యులు, అర్ధరాత్రి ఫోన్ ఎత్తే అధికారి ఎవరు అన్నది వాళ్లకు ముందే రాసివ్వాలి. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఈ ఏడాది ఆ పిలుపు వాన కన్నా ముందు వెళ్లాలి.