శ్రీ దానిమ్మగారికి, కేరాఫ్ పాతాళం

గౌరవనీయులైన దానిమ్మగారికి,

తమరు కులాసాగా ఉన్నారని పుస్తకాల అట్టలు చూస్తేనే తెలుస్తోంది. నల్లటి అట్ట, నడుమ సగానికి కోసిన తమరు, కిందికి కారుతున్న ఎర్రటి రసం, పైన బంగారు అక్షరాలు. లోపలి కథా కొత్తదేం కాదు. పాతాళ రాజు హేడిస్ ధాన్యదేవత డెమెటర్ కూతురు పెర్సెఫొనీని ఎత్తుకుపోయాడని, అక్కడ తమరి గింజ తిన్నందుకు ఆమె ఏటా కొన్ని నెలలు కిందే ఉండాల్సి వచ్చిందని చెప్పే గ్రీకు పురాణమే, ఇప్పుడు మన కాలపు ప్రేమకథగా. హేడిస్‌గారికి ఆకాశాన్నంటే భవనం, నల్ల సూటు, ఎవరికీ చెప్పుకోలేని చిన్ననాటి గాయం. పెర్సెఫొనీకి ఓ పూలకొట్టు, దానిమీద అప్పు. మూడు తలల కుక్క ఆ పిల్లను చూడగానే తోకాడిస్తుంది. డెమెటర్ గంటకోసారి ఫోన్ చేసి ప్రాణం తీసే తల్లి. కథ సగం దాటాక ఓ రాత్రి వంటింట్లో ఆయన తమర్ని ఒలిచి ఆరు గింజలు ఆమె నోటికి అందిస్తాడు. అంతే, ఆమె అక్కడే ఎందుకు ఉండిపోయిందని ఇక ఎవరూ అడగరు. తమరున్నారు కదా!

మా ఫిర్యాదల్లా ఇదే. దేవతల కథను మన పక్కింట్లో జరిగినట్టు రాస్తామని బయల్దేరినవాళ్లు, కష్టపడి రాయాల్సిన ఆ ఒక్క చోటా తమర్ని కూర్చోబెట్టి చేతులు దులుపుకుంటున్నారు.

ముందు లెక్క తేలుద్దాం. ప్రాచీన గ్రీకు కవి హోమర్ పేరిట చలామణీ అయ్యే డెమెటర్ స్తోత్రంలో గింజ ఒక్కటే. రోమన్ కవి ఓవిడ్ ఒక కావ్యంలో మూడన్నాడు, ఇంకో కావ్యంలో ఏడన్నాడు. ఆరు ఈ మూడింటిలో ఎక్కడా లేదు. ఆర్నెల్లు పైన, ఆర్నెల్లు కింద అనే లెక్కకు తర్వాతివాళ్లు సర్దుకున్న అంకె అది. స్తోత్రంలో ఆమె పాతాళంలో ఉండాల్సింది ఏడాదిలో మూడో వంతు, అంటే నాలుగు నెలలు. గింజకు నాలుగు నెలల చొప్పున ఆరు గింజలకు రెండేళ్లు. ఉద్యోగంలో చేరేటప్పుడు రాయించుకునే బాండు గడువులా లేదూ? ఆ మాటకొస్తే నేటి కథకు అతికేది ఆ బాండు పేపరే. అప్పు, అద్దె అగ్రిమెంటు, వీసా, ఇలా మనిషిని కదలనివ్వనివి బోలెడున్నాయి. పండు తిన్నందుకు ఎక్కడా ఎవరూ ఉండిపోరు.

పైగా మోతాదు చూడండి. ఆరు గింజలు తూస్తే రెండు మూడు గ్రాములు. వంద గ్రాముల గింజల్లో ఉండేదే 83 కిలోకాలరీలు. ఆరింటికి మూడు కూడా రావు. కొత్త పెళ్లికూతురికి పెట్టిన విందు ఇది! పాతాళానికి రాజు, భూగర్భంలోని సంపదంతా ఆయనదే, ప్లూటో అన్న పేరు వచ్చిందీ ఆ సంపద వల్లే.

కాలం సంగతి మరీ అన్యాయం. నవలల్లో ఆమె వసంతంలో నార్సిసస్ పువ్వు కోస్తూ మాయమవుతుంది, వారం తిరక్కుండా తమరు నిగనిగలాడుతూ బల్లమీదికొస్తారు. గ్రీసులో తమరు పక్వానికొచ్చేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. వసంతందాకా నిలవుంచితే తొక్క తోలులా ఎండిపోతుంది. అలాగని చలికొట్టులో 5 డిగ్రీల కంటే కిందికి దించి నెలలు ఉంచినా తొక్క గోధుమరంగుకు తిరిగి, లోపలి గింజలూ కళ తప్పుతాయి. నాయకుడు ఒంటిచేత్తో తమర్ని నలిపి రెండు ముక్కలు చేసే సీను ఇంకోటి. నడిమికి అడ్డంగా కోసినా సగం గింజలు తెగి రసం చొక్కాకు పడుతుంది, మరక ఓ పట్టాన వదలదు. ముచికకు ఎదురు కొసన ఉండే కిరీటం చుట్టూ తొక్క వరకే గాటు పెట్టి తీసేసి, లోపల కనిపించే తెల్లటి గోడల వెంబడి పైనుంచి కిందికి గాట్లు పెట్టి, రెండు బొటనవేళ్లతో విప్పాలి. నీళ్ల గిన్నెలో విప్పితే తొక్కలు తేలుతాయి, గింజలు మునుగుతాయి. అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల్లో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో రాస్తే అదే ప్రేమకథ. కానీ అక్కడికి రాగానే అధ్యాయం అయిపోతుంది.

ఇంక మంచు. ఆమె కిందికి వెళ్లగానే పైన మంచు కురిసి పొలాలు చచ్చిపోతాయని రాస్తున్నారు. ఏథెన్స్ చుట్టుపక్కల గోధుమ, బార్లీ మన రబీ పంటలా శరదృతువు వానలకు విత్తుతారు. చలికాలమంతా చేను పచ్చగా ఉంటుంది, మే, జూన్ కల్లా కోతలు. భూమి ఎండి బీటలువారేది వేసవిలో. అందుకే ఆమె లేని నాలుగు నెలలూ వేసవేనని, కోసిన ధాన్యం నేలకింద గాదెల్లో ఉండే కాలమదని స్వీడన్ పండితుడు మార్టిన్ నిల్సన్ వాదించాడు. స్తోత్రంలో మాత్రం ఆమె వసంతం పువ్వులతో పైకొస్తుంది కాబట్టి ఆ తగువు తేలేది కాదు. ఎటు తేలినా ఆ మంచు ఏథెన్స్‌ది కాదు.

అన్నిటికంటే డెమెటర్‌కు జరిగిన అన్యాయం పెద్దది. ఆ స్తోత్రం 495 పంక్తులు. పిల్లను ఎత్తుకుపోవడం మొదటి నలభై పంక్తుల్లోపే అయిపోతుంది; మిగతాదాంట్లో ఎక్కువ భాగం తల్లిదే. సంబంధం ఖాయం చేసింది తండ్రి, దేవతల రాజు జ్యూస్, తల్లికి మాట మాత్రం చెప్పలేదు. వరుడు ఎవరయ్యా అంటే తల్లి వైపు నుంచి మేనమామ, తండ్రి వైపు నుంచి పెదనాన్న. మనవాళ్లయితే మొదటిదానికి తలూపి రెండోదానికి పెళ్లిపందిరి పీకేసేవారు. తొమ్మిది రోజులు ఆమె తిండి, స్నానం లేకుండా కాగడాలు పట్టుకుని తిరిగింది. ఏథెన్స్ దగ్గరి ఎల్యూసిస్‌లో ద్రాక్షసారా వద్దని, బార్లీ నీళ్లలో పుదీనా జాతి ఆకు వేసి ఇమ్మంది. ఆఖరికి ఒక్క విత్తనం కూడా మొలకెత్తకుండా చేసి, జ్యూస్‌కు నైవేద్యాలు ఆగిపోతాయన్న భయం పుట్టించి దారికి తెచ్చింది. ఇంత పని చేసిన మనిషిని, కూతురి ప్రేమకు అడ్డుపడే గయ్యాళిగా మార్చడానికి పనికొచ్చింది తమరి తీపే.

అసలు కథ ఎక్కడుందో చెప్తాం. పిల్లను తీసుకెళ్లడానికి దేవతల దూత హెర్మిస్ వచ్చాడు. ఆమె సంతోషంతో గంతేసి లేచింది. రథం కట్టబోయే ముందు హేడిస్ దొంగచాటుగా తమరి గింజ పెట్టాడు. ఇది స్తోత్రంలో కవి చెప్పిన మాట. పైకొచ్చాక తల్లి కావలించుకుని, ఏదో అనుమానం తగిలి అడిగింది: అక్కడేమైనా తిన్నావా? మన అమ్మలు ఫోనెత్తగానే అడిగే ప్రశ్నే ఇది. కాకపోతే 'లేదు' అనే జవాబు కోసం ప్రాణం బిగబట్టుకుని అడిగిన తల్లి ఈమే. అప్పుడు కూతురు, ఇష్టం లేకపోయినా బలవంతంగా తినిపించాడు అంది. దొంగచాటుగా అని కవి, బలవంతంగా అని కూతురు. ఓవిడ్ ఇంకో అడుగు వేసి, తోటలో తిరుగుతూ తనే కోసుకు తిందని, అస్కలాఫస్ అనే పాతాళవాసి చూసి చాడీ చెప్పాడని, ఆమె కోపంతో వాణ్ణి గుడ్లగూబను చేసిందని రాశాడు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పాత్ర రెండు వేల ఏళ్ల కిందటే సిద్ధంగా ఉంది. అదీ ఎవరూ వాడుకోరు.

తిన్న విషయం అమ్మకు ఎలా చెప్పాలి, ఎంత చెప్పాలి, ఏది మార్చి చెప్పాలి? అప్పటికి కింద ఆమెకంటూ ఓ కుర్చీ, ఓ మాట చెల్లుబాటు వచ్చేశాయా? బయల్దేరేముందు హేడిస్ చెప్పిన మాటల్లో ప్రేమ ఊసు లేదు. అమరుల్లో గొప్ప గౌరవాలు, బతికి తిరిగే వాటన్నిటిపైనా పెత్తనం ఇస్తానన్నాడు. ఇటలీ దక్షిణాన లోక్రి ఊళ్లో దొరికిన క్రీ.పూ. 5వ శతాబ్దపు మట్టి పలకలమీద ఆమె అతని పక్కన సింహాసనంపై కూర్చుని కనిపిస్తుంది. పెళ్లి కావలసిన ఆడపిల్లలు ఆమెకు మొక్కుకునేవారు. కాబట్టి ప్రేమకథ రాయడం తప్పేం కాదు. ఆమె ఒప్పుకుందని రాయదలిస్తే ఆ ఒప్పుకోలు ఆమె నోట పలికించాలి, తమరి చేత కాదు.

అందుచేత ఈ ఉత్తరం అందిన వెంటనే తమరు ఆ వంటింటి సీను నుంచి సెలవు పెట్టవలసిందిగా మనవి. ఉపాధికేం లోటు లేదు. గ్రీసులో కొత్త సంవత్సరం నాడు గుమ్మం ముందు తమర్ని నేలకేసి కొడతారు, పోయినవాళ్ల పేరిట ఉడికించే గోధుమల్లో తమర్ని కలుపుతారు. మా కవుల దగ్గర నాయిక పలువరుసకు ఉపమానంగా తమరి ఉద్యోగం ఎప్పటిదో, అది పర్మనెంటు.

ఇట్లు,
అట్ట చూసి కొని, ఆరో గింజ దగ్గర ఆగిపోయిన పాఠకులు

తా.క.: హేడిస్‌గారికి పూర్వం మింథే అనే ప్రియురాలు ఉండేదని, పెర్సెఫొనీ ఆమెను కాలితో తొక్కితే పుదీనా అయిందని ప్రాచీన గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. రెండో భాగం అట్టమీద ఖాళీ ఉంటే ఆ కట్టను సంప్రదించగలరు.