బొగ్గుపొయ్యికి గొట్టం అక్కర్లేదన్న మాట అబద్ధం

మూడు వారాలుగా గాజువాక చుట్టుపక్కల ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా అదే వీడియో, దాని కింద అదే పొడుగాటి మెసేజి. ఒక్కరోజులో ఇంట్లోనే పొయ్యి కట్టుకుని గ్యాస్ బండ ఖర్చు తప్పించుకోవచ్చని అది చెబుతుంది. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి: బొగ్గు వేస్తే పొగ రాదు కాబట్టి వంటింట్లో గొట్టం లేకుండానే పెట్టుకోవచ్చు. కట్టెలు కాలిస్తే మూడడుగుల గొట్టం కిటికీలోంచి బయటికి వదిలితే చాలు. పాత డ్రమ్ము కోసి లోపల సిమెంటు పూస్తే పొయ్యి తయారు. ఏ కర్రయినా పనికొస్తుంది. గోడకి ఆనించి పెట్టుకోవచ్చు. మన పెద్దలు ఇలాగే బతికారు. మొదట్లో తలనొప్పిగా ఉంటుంది, కాసేపు పడుకుంటే పోతుంది, తర్వాత అలవాటైపోతుంది.

మా వీధిలో ఇద్దరు డ్రమ్ములు కొనేశారు. మొన్న ఆదివారం ఎదురింటి చెల్లెమ్మ గేటు దగ్గర ఆపి, "పొగే రాదంట కదా అన్నయ్యా, ఇంకేటి బయం?" అని అడిగింది. గేటు దగ్గర నిలబడి చెప్పడానికి సరిపోని జవాబు అది. అందుకే రాస్తున్నాను. నేను ఉక్కు ఫ్యాక్టరీలో గ్యాస్ లైన్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. కట్టెల పొయ్యి మీద నాకు కోపం లేదు. సరిగ్గా కట్టిన పొయ్యి మంచి వస్తువు. ఈ మెసేజి చెప్పేది మాత్రం అలాంటి పొయ్యి కాదు.

మొదటి మాట దగ్గరే ఎక్కువసేపు ఆగాలి, ప్రాణం పోయేది అక్కడే కాబట్టి.

కట్టెబొగ్గు అంటే కర్రని గాలి అందకుండా కాల్చి, అందులోని తేమ, తారు, నూనెలు వెళ్ళగొట్టగా మిగిలిన కర్బనం. కంటికి పొగగా కనబడేవన్నీ ముందే పోయాయి. అందుకే బొగ్గుల కుంపటిలో పొగ రాదు. ఆ మేరకు మెసేజి నిజమే చెబుతోంది. కానీ ఎర్రగా కణకణలాడే బొగ్గుల అడుగున పుట్టిన కార్బన్ డయాక్సైడ్, పైనున్న నిప్పుల సందుల్లోంచి వస్తూ ఇంకొంత కర్బనాన్ని కలుపుకుని కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. కుంపటి మీద అప్పుడప్పుడు నీలంగా ఆడే మంట చూశారు కదా, అది ఈ వాయువు కాలుతున్న మంటే. రాత్రి నిప్పుల మీద నివురు కప్పుకున్నాక ఆ నీలి మంట ఉండదు. వాయువు మాత్రం పుడుతూనే ఉంటుంది, కాలకుండా నేరుగా గదిలోకి వస్తుంది.

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న మన విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేసుల్లో, అంటే ఇనుము కరిగించే కొలుముల్లో, ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ని లాగేసేది చాలావరకు ఈ వాయువే. ఫర్నేసు నుంచి బయటికొచ్చే గ్యాస్‌లో ఐదో వంతు పైగా ఇదే ఉంటుంది. ఆ లైన్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళు చొక్కాకి గ్యాస్ మానిటర్ తగిలించుకోకుండా అడుగు వేయరు. ఎందుకంటే దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరికి ఘాటైన వాసన ఉంది. ఆ వాసనకే మెలకువ వచ్చి బయటికి పరుగెత్తినవాళ్ళున్నారు. కార్బన్ మోనాక్సైడ్ నిద్ర లేపదు, నిద్రని ఇంకా ముదిరిస్తుంది. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. గాలిలో వెయ్యో వంతు చేరినా గంట, రెండు గంటల్లో మనిషి స్పృహ తప్పొచ్చు. అంత విషం ఉన్న గదిలో కొవ్వొత్తి మాత్రం చక్కగా వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి దీపం వెలుగుతోంది, గాలి బాగానే ఉంది అనుకోవద్దు.

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఉంది కదా అని ఒకాయన గ్రూపులో రాశాడు. దాన్నసలు నమ్మొద్దు. అది నెత్తుటి రంగుని బట్టి లెక్క కడుతుంది. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ పట్టినదిగానే పొరబడి 98 అని చూపిస్తుంది. గ్యాస్ లీక్ అలారం కూడా దీన్ని పట్టుకోలేదు. దాని పని వేరు. దీనికంటూ కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా దొరుకుతుంది. ఇంటి లోపల ఏ కట్టె కాల్చినా, ఏ బొగ్గు కాల్చినా అది ఉండాలి. అలారం ఉందని కుంపటిని గదిలోకి తెచ్చుకోకూడదు. చలికాలంలో అరకు, లంబసింగి వెళ్ళి, గది వెచ్చగా ఉంటుందని కుంపటి లోపల పెట్టుకుని తలుపులు వేసుకునేవాళ్ళకీ ఇదే చెబుతున్నాను. కిటికీ కాస్త తెరిచామన్నంత మాత్రాన సరిపోదు. కుంపటి చోటు ఆరుబయలే.

ఇక మూడడుగుల గొట్టం. పొయ్యిలో పనిచేసేది గొట్టమే అంటే మా కుర్రాళ్ళు ఆశ్చర్యపోతారు. వేడిగాలి తేలిక, చల్లగాలి బరువు. గొట్టం నిండా వేడిగాలి నిలబడితే అది పైకి పోతూ, పొయ్యి నోట్లోంచి కొత్త గాలిని లోపలికి లాగుతుంది. గొట్టం నిలువుగా, ఎత్తుగా, లోపల వేడిగా ఉన్నంతసేపే ఆ లాగుడు ఉంటుంది. కిటికీలోంచి అడ్డంగా పోయే మూడడుగుల గొట్టంలో వేడి నిలవదు, లాగుడూ పుట్టదు. పైగా మనది సముద్రపు ఊరు. మధ్యాహ్నం సముద్రగాలి తిరగ్గానే ఆ గొట్టం నోట్లోకే కొట్టి, పొగనంతా వంటింట్లోకి తోస్తుంది. పొయ్యి పైనుంచి 15 అడుగుల నిలువు గొట్టం ఉంటే మంచిది. కప్పు దాటిన చోటి నుంచి కనీసం 3 అడుగులు పైకి ఉండాలి. 10 అడుగుల లోపు ఉన్న గోడ, వాటర్ ట్యాంకు, మెట్లగది ఏదైనా దానికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. వంపు తప్పకపోతే లంబంగా విరవకుండా ఏటవాలుగా తిప్పండి, అదీ రెండుకి మించకుండా.

గొట్టం దేనితో అన్నది ఇంకో తగువు. పీవీసీ పైపుతో చేసిన ఫోటో కూడా తిరుగుతోంది. అది 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అంటుకుంటే ఆమ్లపు పొగ కక్కుతుంది. పాత ఏసీ పైపులు అంటే ఆస్‌బెస్టాస్ సిమెంటు. వేడికి పగులుతాయి, కోస్తే ఆ నూగు ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది. మామూలు ఇనుప రేకు గొట్టం మన ఉప్పుగాలికి పైనుంచి తుప్పు, లోపల పొగలోని ఆమ్లానికి లోపల్నుంచి తుప్పు పట్టి, చిల్లులు పడ్డాక గానీ తెలియదు. స్టెయిన్‌లెస్ స్టీలే పెట్టండి. తీరానికి దగ్గరైతే 316 రకం 304 కన్నా ఎక్కువకాలం నిలుస్తుంది.

బిగించేటప్పుడు చాలామంది తప్పు చేసే చోటు ఒకటుంది. గొట్టం ముక్కల్లో సన్నగా నొక్కిన కొస కిందికి, పొయ్యి వైపుకి ఉండాలి. అంటే పైముక్క కింది ముక్క లోపల కూర్చోవాలి. పొగలోని తారు చల్లబడి గోడ వెంట కారితే తిరిగి పొయ్యిలోకే పడుతుంది. తలకిందులుగా బిగిస్తే ప్రతి అతుకు దగ్గరా నల్లటి జిగురు బయటికి కారుతుంది. ఒక్కో అతుక్కి మూడు స్క్రూలు వేయండి. సందుల్లో వేడిని తట్టుకునే తాడు, ఫైర్ సిమెంటు పెట్టండి. మలుపు దగ్గర మూత తీసి తుడుచుకునే వీలుండాలి. పైన టోపీ, దానికి వల ఉండాలి. లేకపోతే పావురాలు గూడు కట్టేస్తాయి.

మెసేజిలో లేని మరో ప్రమాదం ఇప్పుడు ఇంటింటా ఉంది. వంటింట్లో కరెంటు చిమ్నీయో, ఎగ్జాస్ట్ ఫ్యానో వేస్తే అది గదిలో గాలిని బయటికి లాగుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి గాలి దొరికిన దారిలోంచి, అంటే పొయ్యి గొట్టంలోంచే వెనక్కి దిగుతుంది. దాంతో పాటే మోనాక్సైడ్ కూడా. పొయ్యి వెలిగించే ముందు తలుపులు వేసి, ఫ్యాన్ నడిపి, అగరుబత్తి వెలిగించి పొయ్యి నోటి దగ్గర పట్టండి. పొగ లోపలికి వెళ్ళాలి. మొహం మీదికి వస్తే ఆ రోజు వెలిగించొద్దు. ఆ ఫ్యాన్ ఉన్న గదిలో ఆ పొయ్యి ఉండకూడదు. అపార్ట్‌మెంట్లలోనైతే నా జవాబు ఒకటే, వద్దు. మీ గొట్టం పై అంతస్తు వాళ్ళ కిటికీ కిందే తెరుచుకుంటుంది.

డ్రమ్ము గురించి తక్కువ మాటల్లో. మన ఆటోనగర్ వైపు దొరికే డ్రమ్ముల్లో అంతకుముందు ఏముందో అమ్మేవాడికీ తెలియదు. ఖాళీ డ్రమ్ములో మిగిలిన ఆవిరి చాలు, గ్రైండర్ నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. వెల్డింగ్ షాపులవాళ్ళు ఇది బాగా ఎరుగుదురు. మామూలు సిమెంటు 400 డిగ్రీలు దాటితే పట్టు వదిలి రాలిపోతుంది. లోపల ఫైర్ బ్రిక్ పేర్చి, ఫైర్ క్లేతో అతకాలి. మట్టిపొయ్యి అయితే పుట్టమన్ను, ఊక కలిపి మెదిపి, నీడన రోజుల తరబడి ఆరనిచ్చి, మొదట మూడు నాలుగుసార్లు చిన్న చితుకుల మంటే పెట్టాలి. తడి ఉండగా పెద్ద మంట పెడితే లోపలి నీరు ఆవిరై గోడని చీలుస్తుంది.

ఏ కర్రయినా సరే అన్నది ఈ ఊళ్ళో మరీ ప్రమాదం. పోర్టు నుంచి వచ్చే ప్యాకింగ్ చెక్కల మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసినది, దాన్ని కాల్చకూడదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర విప్పిన పాత పడవ చెక్కలకి రంగులు, ఉప్పు రెండూ ఉంటాయి. ఉప్పు నానిన కర్ర కాలిస్తే ఆ ఉప్పు పొయ్యిని తినేస్తుంది, పొగ విషమవుతుంది. ప్లైవుడ్‌లో జిగురు. ఇవన్నీ పక్కన పెట్టండి. సరుగుడు, తుమ్మ, చింత, మామిడి మనకి కావలసినన్ని ఉన్నాయి. చీల్చి, నేలకి తగలకుండా పేర్చి, వాన పడకుండా, పక్కల నుంచి గాలి ఆడేలా ఒక ఎండాకాలం ఉంచండి. కొసలు పగిలి, రెండు ముక్కలు కొడితే ఖంగున మోగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చివెళ్ళాక కరెంటు లేని ఆ రోజుల్లో పడిపోయిన చెట్ల కొమ్మలతోనే పెరట్లో వండుకున్నాం. పచ్చికర్ర ఎంత పొగ పెడుతుందో అప్పుడు ఈ ఊరంతా చూసింది. అదే పచ్చికర్ర గొట్టమున్న పొయ్యిలో వేస్తే ఆ తారంతా గొట్టం గోడలకి పట్టి, ఒకరోజు గొట్టమే అంటుకుంటుంది.

గోడకి ఆనించడం గురించి. మన గోడలు ఇటుకవి, అవి కాలవు, నిజమే. కానీ వాటికి తగిలించినవి కాలుతాయి. పీవీసీ ప్యానెళ్ళు, చెక్క అలమరలు, ఫాల్స్ సీలింగ్, కర్టెన్లు. నెలల తరబడి వేడి తగిలిన చెక్క మామూలు కన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది. ఆరు నెలలు ఏమీ కాలేదు కదా అన్న ధైర్యం అందుకే పనికిరాదు. కాలే వస్తువు ఏదైనా పొయ్యికి 3 అడుగులు, ఒంటి పొర గొట్టానికి ఒకటిన్నర అడుగు దూరంలో ఉండాలి. గ్యాస్ బండ ఆ గదిలోనే ఉండకూడదు. బూడిద మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి ఆరుబయట గచ్చు మీద పెట్టండి. నివురు కింద నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది. పొద్దున్నే చెత్తబండిలో వేస్తే ఆ బండి నడిపేవాళ్ళకి అపాయం.

మన పెద్దలు ఇలాగే బతికారన్నదానికి నా దగ్గర మా అమ్మమ్మే ఉంది. యలమంచిలి దగ్గర పల్లెలో ఆవిడ వంటిల్లు అసలింటికి దూరంగా, పెరట్లో ఉండేది. పెంకుల సందుల్లోంచి పొగ పోయేది, తలుపుండేది కాదు. ఈ కాలపు అల్యూమినియం కిటికీలు బిగించిన వంటిల్లు కాదది. అయినా ఆవిడ చివరి పదేళ్ళు దగ్గుతూనే గడిపింది, కళ్ళెప్పుడూ ఎర్రగానే ఉండేవి. అది ముసలితనం అనుకున్నాం. ఇళ్ళలో పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశం 1980ల్లోనే మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టింది, బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ గొట్టంతో అస్త్ర ఒలె అనే పొయ్యి తయారుచేసింది. పెద్దల పొయ్యి బాగానే ఉంటే అంత శ్రమ ఎందుకు పడతారు?

చివరి మాట, తలనొప్పి అలవాటవుతుందన్నది. మిగతావన్నీ మరిచిపోయినా ఇది ఒక్కటి గుర్తుంచుకోండి చెల్లెమ్మా. పొయ్యి దగ్గర తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం వస్తే, అదీ ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే, బయటికి వస్తే తగ్గుతుంటే, అది మోనాక్సైడ్ అనే అనుకోవాలి. పడుకోవద్దు. నిమ్మరసం కలుపుకుంటూ లోపలే ఉండొద్దు. పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకుని వెంటనే బయటికి రండి, దారిలో చేతికందిన తలుపు తెరిచిపెట్టండి, 108కి ఫోన్ చేయండి. పొయ్యి ఆర్పడానికి లోపలికి తిరిగి వెళ్ళొద్దు, ఫైర్ సర్వీసు 101కి చెప్పండి. ఆసుపత్రిలో ముందుగా చెప్పాల్సిన మాట "ఇంట్లో బొగ్గు కాల్చాం" అని. ఆ మాట వింటేనే డాక్టరు నెత్తురు తీసి మోనాక్సైడ్ ఎంత పట్టిందో పరీక్ష చేయిస్తారు, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడతారు. మామూలు గాలిలో అది సగానికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆక్సిజన్ పెడితే గంటన్నర.