మునగచెట్టెక్కిన కండిషనర్

నా నెత్తి మీదున్న ఆస్తి వివరాలు ముందే ప్రకటించడం నా ధర్మం. నడినెత్తి పూర్తిగా ఖాళీ. చెవుల మీదుగా చుట్టూ ఓ సన్నటి ప్రహరీ మాత్రం మిగిలింది. దానికి కండిషనర్ పట్టించాలంటే ఒక్క వేలికొస ముంచితే చాలు, ఇంకా కాస్త మిగులుతుంది కూడా. ఇలాంటివాడికి కండిషనర్ల గురించి రాసే అర్హత ఏమిటని మీరడగొచ్చు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆవిడ ఇప్పటికే అడిగింది. ఇంత గొడవ నడుస్తున్న రంగంలో స్వప్రయోజనం లేని పరిశీలకుడు ఇంటికి ఒక్కడైనా ఉండాలి కదా. మా ఇంట్లో ఆ పదవికి నేను ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను. ఎన్నుకున్నదీ నేనే.

పరిశోధన బాత్రూంలో మొదలైంది. అద్దం పక్కన రెండు సీసాలు, రెండూ ఒకే కంపెనీవి. మా ఆవిడ సీసా మీద 'పొడిబారిన, నిర్జీవమైన జుట్టుకు' అని ఉంది, కింద బంగారు రంగులో జారుతున్న నూనెచుక్క. మా అమ్మాయి సీసా మీద 'జిడ్డు జుట్టుకు' అని ఉంది, కింద ఆకుపచ్చటి ఆకు. ఒకటి కరువు ప్రాంతానికి, ఒకటి వరద ప్రాంతానికి పంపిన సహాయక బృందాల్లా నిలబడ్డాయి. రెండిటినీ వెనక్కి తిప్పాను. చీమకాళ్లంత అక్షరాలు, అదీ తళతళలాడే వెండి రేకు మీద. కళ్లజోడు తీసి, ఆ అద్దాన్నే సీసాకి రెండంగుళాల ఎడంగా భూతద్దంలా పట్టుకుని, బల్బు వెలుతురు పడేలా సీసాని వంచి చదివాను.

కరువు సీసా: నీరు, సెటియరిల్ ఆల్కహాల్, బిహెన్‌ట్రైమోనియం క్లోరైడ్.

వరద సీసా: నీరు, సెటియరిల్ ఆల్కహాల్, బిహెన్‌ట్రైమోనియం క్లోరైడ్.

నాలుగో పేరు దగ్గర దారులు చీలాయి. ఒకటి డైమెథికోన్ అనే సిలికోన్ వైపు, ఇంకోటి గ్లిజరిన్ వైపు వెళ్లింది. కాసేపు ఎవరి దారిన వాళ్లు నడిచి, ఫినాక్సీఇథనాల్ దగ్గర మళ్లీ ఎదురుపడి, పుట్టుమచ్చలు చూసుకున్న కవలల్లా కౌగిలించుకున్నాయి. రెండూ ఒకటేనని నేననను. డైమెథికోన్ ఉన్నది జుట్టు మీద కాస్త బరువుగా, నున్నగా కూర్చుంటుంది, ఆ తేడా నిజమే. కానీ సీసా ముందువైపు బొమ్మలు చూస్తే రెండూ వేరు వేరు గ్రహాల నుంచి దిగాయనిపిస్తుంది, వెనకవైపు చూస్తే ఒకే ఇంటి పేరు.

'నిర్జీవమైన జుట్టు' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. వ్యాకరణంలో దీన్ని పునరుక్తి దోషమంటారు. చర్మం లోపలున్న కుదురు ఒక్కటే ప్రాణమున్నది. బయటికొచ్చిన వెంట్రుక మొత్తం కెరటిన్ అనే ప్రొటీన్, అందులో ఒక్క జీవకణం కూడా ఉండదు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 30 సెంటీమీటర్ల జడ కొసన ఉన్నది, బయటి లోకం చూసి దాదాపు రెండున్నరేళ్లయింది. దానికి 'పోషణ' ఇస్తామని, 'ఊపిరి' పోస్తామని సీసా మాటిస్తుంది. రెండున్నరేళ్ల కిందట పోయిన మనిషికి బలం మందు పట్టినట్టుంది వ్యవహారం. పట్టిస్తే మనిషి లేవడు గానీ, చూడ్డానికి కాస్త నిగనిగలాడితే అభ్యంతరం లేదంటారా, సరే. కండిషనర్ చేసేది కూడా సరిగ్గా ఆ పనే, ఆ పని మాత్రం చక్కగా చేస్తుంది.

ఇక జాబితా చదివే మర్యాద. సభావేదిక మీద కుర్చీలు వేసే పద్ధతి తెలిసినవాళ్లకి ఇది సులువు. ఎక్కువ తూకం ఉన్నవాళ్లు ముందు, తక్కువ తూకం వాళ్లు వెనక. నీరు ఎప్పుడూ అధ్యక్షస్థానంలోనే ఉంటుంది, మామూలు కండిషనర్‌లో ఎక్కువ భాగం అదే. ఈ వరుస ఒక శాతం దాకానే చెల్లుతుంది. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్న సరుకుని ఆ పైన ఏ వరుసలోనైనా రాసుకోవచ్చని చాలా దేశాల నిబంధన. అక్కడ వేదిక మీద క్రమశిక్షణ పోతుంది. ఎవరు గట్టిగా తోసుకుంటే వాళ్లు ముందు కుర్చీలోకొస్తారు. అందంగా వినిపించే పేర్లు, అంటే ఏ విత్తనం నూనో, ఏ పువ్వు సారమో, ఎలాగూ ముందుకొస్తాయి. నోరు తిరగని పేర్లు వెనక్కి పోతాయి.

మరి ఆ ఒక శాతం గీత ఎక్కడుందో సీసా మీద గీసి చూపించరు. దానికో కిటుకు ఉంది. సరుకు పాడవకుండా కాపాడే ఫినాక్సీఇథనాల్ అనే సంరక్షకాన్ని ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం ఒక శాతం మించి వాడకూడదు. జాబితాలో దాని తర్వాత వచ్చేదేదీ ఒక శాతం దాటదు. ఇప్పుడు ఆ బంగారు చుక్క సీసాకి వెళ్దాం. ముందువైపు ఆర్గన్ నూనె పేరు అరచేయంత. వెనకవైపు ఆర్గన్ నూనె ఫినాక్సీఇథనాల్‌కి రెండు పేర్ల తర్వాత. సీసాలో ఉన్నది 200 గ్రాములు. అందులో ఆర్గన్ నూనె మహా అయితే 2 గ్రాములు, అది కూడా కంపెనీకి పూర్తి ఉదార స్వభావముందని నమ్మితే. నేతిబీరకాయని అన్ని యుగాల్లోనూ తప్పుపట్టాం గానీ, పాపం అది తన వెనక పదార్థాల జాబితా అచ్చేసుకోలేదు. ఈ సీసా నిజాయితీగా అచ్చేసింది. మనం చదవకపోతే తప్పు దానిదా?

(ఒక న్యాయం మాత్రం చెప్పాలి. తక్కువ ఉన్నదంతా దండగ కాదు. తేమ పట్టే పాంథెనాల్, అమోడైమెథికోన్ అనే సిలికోన్ లాంటివి చాలా కొద్దిగా ఉన్నా పని చేస్తాయి. నా దుఃఖమంతా ముందువైపు అక్షరాల సైజుకీ వెనకవైపు గ్రాములకీ ఉన్న దూరం గురించే.)

పేర్ల సంగతికొస్తే, సంస్కృత సమాసాలకి భయపడని జాతి ఈ జాబితాకి భయపడటం నాకు అర్థం కాదు. విడదీసుకుంటూ పోవడమే. సెటియరిల్ అంటే సెటిల్, స్టియరిల్ కలిసిన ద్వంద్వ సమాసం. ఒకటి 16 కార్బన్ల గొలుసు, ఇంకోటి 18. సెటిల్ అన్నది లాటిన్‌లో తిమింగలం పేరులోంచి వచ్చింది. 1817లో షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త తిమింగలం మైనాన్ని క్షారంతో కాచి దీన్ని మొదట బయటికి తీశాడు. ఆయన 102 ఏళ్లు బతికాడు. నూరేళ్ల వయసులో తీసిన ఫొటోల్లో కూడా తెల్లజుట్టు పుష్కలంగా ఉంది. అది చూశాక ఆయన్ని నేను శాస్త్రీయ దృష్టితో చూడలేకపోతున్నాను. ఇప్పుడు తిమింగలాన్ని ఎవరూ ఇబ్బంది పెట్టడం లేదు లెండి, ఎక్కువగా కొబ్బరి, పామ్ నూనెల్లోంచే తీస్తున్నారు.

దీనికి 'ఆల్కహాల్' అనే తోక ఉన్న పాపానికి ఎన్ని ఇళ్లల్లో కలహాలు! 'ఇందులో ఆల్కహాల్ ఉంది, జుట్టు ఎండిపోతుంది' అని మా అమ్మాయి ఆ సీసాని వారం రోజులు వెలి వేసింది. సెటియరిల్ ఆల్కహాల్ చేత్తో పట్టుకుంటే తెల్లటి మైనపు బిళ్ల. తాగితే మత్తెక్కదు, రాస్తే ఎండిపోదు, నునుపు పెడుతుంది. జుట్టుని ఎండబెట్టేది ఇథైల్ ఆల్కహాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అదీ ఎక్కువ వాడితే. ఇంకా విచిత్రం, అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కలో సౌందర్య సాధనాల మీద 'ఆల్కహాల్ లేదు' అంటే ఇథైల్ ఆల్కహాల్ లేదని అర్థం. కాబట్టి ముందువైపు 'ఆల్కహాల్ లేదు' అని రాసి, వెనక రెండో స్థానంలో సెటియరిల్ ఆల్కహాల్ అని రాసిన సీసా ముమ్మాటికీ సత్యవంతురాలే.

'సల్ఫేట్ లేదు' భక్తులది ఇంకో బాధ. బిహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్ అని కనబడగానే సీసా కింద పెట్టేస్తారు. షాంపూలో నురగ తెచ్చి జిడ్డు లాగేసే సల్ఫేట్లు వేరు. ఇక్కడ మెథోసల్ఫేట్ కేవలం పేరులో తోకలా వేలాడుతున్న తోడు అయాన్. అసలు సరుకు బిహెన్‌ట్రైమోనియం కడగదు, జుట్టుకి అంటుకుని చిక్కు విడదీస్తుంది. ఇంటి పేరు ఒకటైనంత మాత్రాన వాళ్లూ వీళ్లూ చుట్టాలు కారన్న ఇంగితం ఒక్క రసాయనాల విషయంలోనే మనకి తప్పుతుంది.

ఇంతకీ ఈ 'బిహెన్' ఏమిటి? ఇక్కడే నాకు జ్ఞానోదయమైంది. బిహెనిక్ ఆమ్లం బెన్ నూనెలో ఉంటుంది. బెన్ నూనె అంటే మునగ గింజల నూనె. అదే మన మునగచెట్టు! ఇప్పుడు ఆ 22 కార్బన్ల గొలుసుని ఆవజాతి గింజల నూనెలోంచి లాగుతారు గానీ, పేరు మాత్రం మునగ చుట్టమే. కండిషనర్ గుండెకాయ అనదగ్గ పదార్థం పేరులో మునగచెట్టు ఉంది. మనిషిని మునగచెట్టెక్కించి, కొమ్మ విరిగేదాకా పొగిడే కళ ఆ సీసా ముందువైపంతా ఉంది. కాకతాళీయం అనడానికి నాకు మనసొప్పడం లేదు.

పని తీరు కూడా పొగడ్త లాంటిదే. తడి జుట్టుకి రుణావేశం ఉంటుంది. రంగులూ, బ్లీచింగూ, ఎండా తగిలి దెబ్బతిన్నచోట ఇంకా ఎక్కువ. బిహెన్‌ట్రైమోనియం అణువు తలకాయకి ధనావేశం. అందుకని ఎక్కడ దెబ్బ తగిలిందో వెతుక్కుని మరీ అక్కడ అంటుకుంటుంది. తలకాయ జుట్టుకి, తోక బయటికి. ఆ తోకలన్నీ పక్కపక్కన నిలబడి నున్నటి పొరవుతాయి, వెంట్రుకకీ వెంట్రుకకీ రాపిడి తగ్గుతుంది, దువ్వెన దిగుతుంది. నీళ్లతో కడిగినా కొంత అలాగే ఉంటుంది. గాయం ఎక్కడుందో కనిపెట్టి అక్కడే తియ్యగా రాయడం, గాయాన్ని మాత్రం మాన్పకపోవడం. ఇంత నిఖార్సైన పొగడ్త మనుషుల్లో కూడా అరుదు.

అన్నట్టు, ఆ అరచేతిలో పడే వెన్నలాంటి చిక్కదనం కూడా ఈ జంట మహిమే. కొద్ది శాతం మైనపు ఆల్కహాలూ, ఈ ధనావేశపు సరుకూ నీళ్లలో పొరలు పొరలుగా పేర్చుకుని బోలెడు నీటిని పట్టి నిలబెడతాయి. 'ఎంత చిక్కగా ఉందో' అని మనం మురిసేది నిలబడ్డ నీళ్లని చూసి.

జుట్టుకి అంటుకుని నునుపు పెట్టే పాలీక్వాటర్నియం అనే పదార్థాల సంగతి కూడా చెప్పేస్తాను. 7 అని ఒకటుంటుంది, 10 అని ఒకటి, 37 అని ఇంకోటి. 37 అంటే 7 కంటే ఐదు రెట్లు గొప్పదనుకుని ఓ సీసాని నేనే ఎత్తుకున్నాను. ఆ అంకెలు నమోదైన వరుస ప్రకారం ఇచ్చిన టోకెన్ నంబర్లట. ఆస్పత్రి బయట 37వ టోకెన్ వచ్చినవాడు ఎక్కువ జబ్బుమనిషి అనుకున్నట్టయింది నా తెలివి.

సిలికోన్ల మీద మా ఇల్లు రెండు శిబిరాలైంది. అమ్మాయి శిబిరం వాదన: సిలికోన్ ప్లాస్టిక్ తొడుగు, జుట్టుకి ఊపిరాడదు. నిర్జీవమైన జుట్టు ఊపిరి సంగతి పైన చెప్పాను, మళ్లీ చెప్పను. వాళ్లమ్మ, అంటే మా ఆవిడ శిబిరం వాదన: దువ్వెన దిగుతోంది, వాదన అక్కడితో అయిపోయింది. నిజానికి డైమెథికోన్ నీళ్లలో కరగదు, షాంపూ పెడితే చాలామటుకు పోతుంది. అమోడైమెథికోన్ దెబ్బతిన్న చోట ఎక్కువ అంటుకుంటుంది. అసలు తగవు ఇంకెక్కడో ఉంది. త్వరగా ఆవిరైపోయే సిలికోన్ అయిన సైక్లోపెంటాసిలోక్సేన్‌ని కడిగేసే ఉత్పత్తుల్లో 0.1 శాతానికి లోపే ఉండేలా ఐరోపా సమాఖ్య 2020 జనవరి 31 నుంచి కట్టడి చేసింది. అది నీళ్లలో కలిసి తొందరగా నశించదని భయం. చేపల బెంగ అది. మన జుట్టు మీద ఎవరికీ అంత బెంగ లేదు.

ఈ మధ్య ఉన్నవాటి కంటే లేనివాటి జాబితా పొడుగవుతోంది. పారాబెన్ లేదు, సల్ఫేట్ లేదు, సిలికోన్ లేదు. సరుకు పాడవకుండా వేసే, అనుమతించిన పారాబెన్లని దెయ్యాల్లా చూపించే 'పారాబెన్ లేదు' ప్రకటనలు సమంజసం కాదని ఐరోపా మార్గదర్శకాలే చెప్పాయి. ఈ లెక్కన నా నెత్తికి మించిన ఉత్పత్తి మార్కెట్లో లేదు. పారాబెన్ లేదు, సల్ఫేట్ లేదు, సిలికోన్ లేదు, జుట్టు లేదు.

అలాగే 'ఐదు రెట్ల నునుపు' పక్కన ఒక చిన్న నక్షత్రం ఉంటుంది. ఆ నక్షత్రాన్ని వెంబడిస్తూ సీసా అడుగుదాకా దిగితే 'కండిషనింగ్ లేని షాంపూతో పోలిస్తే' అని కనిపిస్తుంది. చెప్పులేసుకుని నడిస్తే వట్టి కాళ్ల కంటే ఐదు రెట్లు ముళ్లు తక్కువ గుచ్చుకుంటాయన్న ఆవిష్కరణ లాంటిదిది. ఎవరు కాదంటారు?

ఈ విజ్ఞానమంతా బాత్రూం తలుపు లోపలి గడియ వేసి సంపాదించాను. బయట అప్పటికే రెండుసార్లు తలుపు కొట్టారు.

"నాన్నా, నలభై నిమిషాలైంది. లోపల ఏం చేస్తున్నావు?"

"చదువుకుంటున్నానమ్మా."

"నా జుట్టు కొసలు చిట్లిపోయాయి నాన్నా. చిట్లిన కొసల్ని అతికించే సీసా ఏదో చెప్పు చాలు."

తలుపు తీసి, గొంతు సవరించుకుని, నీరు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. షెవ్రూల్ దాకా ఓపిక పట్టింది. మునగచెట్టు దగ్గర నవ్వింది. చిట్లిన కొసని కాసేపు అతికినట్టు కనిపించేలా చేసేవి ఉన్నాయి గానీ, నిజంగా అతికించేది ఏదీ లేదని చెప్పేసరికి ముఖం చిన్నబుచ్చుకుని లోపలికెళ్లి, సొరుగులోంచి కత్తెర తెచ్చుకుంది. అద్దం ముందు నిలబడి కొసలు అంగుళం మేర కత్తిరించుకుని, దువ్వుకుని వెళ్లిపోయింది. మొత్తం మూడు నిమిషాలు పట్టింది.

వాష్‌బేసిన్ అంచున కత్తెర అలాగే ఉంది. అలవాటు కొద్దీ తీసుకుని వెనక్కి తిప్పి, కళ్లజోడు అద్దం పట్టి చూశాను. 'స్టెయిన్‌లెస్ స్టీల్' అని ఉంది. పక్కన నక్షత్రమేమైనా ఉందేమోనని రెండోవైపు కూడా చూశాను.