మూడు కిలోల తిట్టు

మహారాజశ్రీ ‘గుంటనక్క’ అనే తిట్టు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం క్షేమం. తమరు మాకంటే క్షేమంగా, పొద్దున లేచింది మొదలు టీవీ చర్చల్లో తిరుగుతూ ఉన్నారని వింటూనే ఉన్నాం.

రాయునది ఏమనగా, పోయిన ఆదివారం మా బావమరిది తమరిని నా మీద వాడాడు. మా ఆవిడ వాటా పొలానికీ వాడి పొలానికీ మధ్యనున్న గట్టు గురించి మాట వచ్చింది. ఆ గట్టు మీద 19 ఏళ్లుగా కోర్టులో కేసు నడుస్తోంది. "నువ్వు మనిషివి కాదు బావా, గుంటనక్కవి!" అన్నాడు. తిట్టేటప్పుడు కూడా ‘బావా’ అనడం మానలేదు, అంతవరకు సంతోషం.

నాకు కోపం కంటే ముందు అనుమానం వచ్చింది. నా బరువు 82 కిలోలు. అసలు గుంటనక్క ఎంతుంటుంది? రాత్రి భోజనాలయ్యాక కూర్చుని చదివాను. మూతి నుంచి తోక మొదలు దాకా దాదాపు అర మీటరు. తోక ఇంకో పాతిక ముప్పై సెంటీమీటర్లు, చివర నల్లటి కుచ్చు. బరువు రెండు నుంచి నాలుగు కిలోలు, ఆడదైతే ఇంకాస్త తేలిక. అంటే పాలు తాగి సోఫా ఎక్కి పడుకునే పిల్లి ఎంతో, ఇదీ అంతే. ఒక్కోదానికి మూడు కిలోలు వేసుకున్నా నాలో 27 గుంటనక్కలు పడతాయి. మా బావమరిదిలో 31. ఇక తమరు రోజూ ఎక్కి తిరిగే పెద్దమనుషుల్ని కాటా మీద నిలబెడితే ఒక్కొక్కరూ ఒక్కో మంద.

నాకు అర్థమైనంతలో దీనికంతటికీ మూలం పేర్ల తికమక. ఊరి బయట రాత్రిళ్లు ఊళ వేసేది, ఎనిమిది నుంచి పదకొండు కిలోల దాకా తూగేది నక్క. ఇంగ్లీషులో దాన్ని జాకాల్ అంటారు. ఇంగ్లీషువాళ్ల ఫాక్స్‌కి మన దగ్గరున్న చుట్టం గుంటనక్క. కానీ బళ్లో మాకు ‘ఎఫ్ ఫర్ ఫాక్స్, ఫాక్స్ అంటే నక్క’ అని బెత్తం పట్టుకుని మరీ నేర్పారు. ఆ దెబ్బకి రెండూ ఒకటైపోయాయి. పంచతంత్రంలో కరటక దమనకులు నక్కలు. నీలిమందు తొట్టిలో పడి రాజైంది నక్క. చేసిందంతా పెద్దది, చెడ్డపేరు మాత్రం చిన్నదానికి. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఈ పద్ధతి కొత్తగా చెప్పక్కర్లేదు.

ద్రాక్షపళ్లకి ఎగిరి ఎగిరి అలిసిపోయిన ప్రాణి గ్రీసు దేశపు కథలోది. మనది కింద రాలిన రేగుపళ్లు ఏరుకు తింటుంది, ఎగరాల్సిన పనే లేదు. మిగతా తిండంతా చెదలు, పేడపురుగులు, మిడతలు, ఎలుకలు, తొండలు, దొరికితే నేల మీద పెట్టిన పిట్టగుడ్లు. చేలో ఎలుకల్ని పట్టి పెట్టే ప్రాణి పేరు తెచ్చి, రైతు నోటి దగ్గర కూడు లాక్కునేవాడికి తగిలించడం తమరికే చెల్లింది.

తమరి బంధువైన ఒక సామెత గురించి కూడా మాట్లాడాలి. "నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇంతటి గాలివాన ఎన్నడూ చూడలేదన్నదట." ఏ నక్కో అందులో లేదు కాబట్టి గుంటనక్క ఖాతాలోనే రాసుకుంటున్నాను. ఇవి డిసెంబరు, జనవరిల్లో జతకడతాయి. యాభై రోజుల పైచిలుకు మోసి, ఫిబ్రవరి మార్చిల్లో రెండో మూడో నాలుగో పిల్లల్ని కంటాయి. దానికి నాలుగు వారాలు కలపండి. ఎక్కడికొచ్చాం? మామిడికాయలు రాలగొట్టే గాలివానల దగ్గరికి! వానాకాలం వెళ్లిపోయాక పుట్టిన పిల్ల అది. అంతటి గాలివాన నిజంగానే చూడలేదు. ఉన్నమాట చెప్పింది. పైగా బయలు నేలల్లో దాని ఆయుష్షే ఆరు నుంచి ఎనిమిదేళ్లు. ఆ లెక్కన దానికి నాలుగు వారాలంటే డెబ్భై ఏళ్లు బతికే మనిషికి తొమ్మిది నెలలు. తొమ్మిది నెలల పసివాడు ఉరుముకి బెదిరితే మనం సామెత కడతామా? దిష్టి తీస్తాం.

ఆయుష్షు అంటే గుర్తొచ్చింది. మా గట్టు కేసు వేసిన రోజున పుట్టిన గుంటనక్క తన నిండు జీవితం బతికి వెళ్లిపోయింది. అది పోయిన రోజున పుట్టిందీ పోయింది. మూడోది ఇప్పుడు ముసలిదైపోతోంది. మాకు వాయిదా వచ్చే నెల.

‘గోతికాడ నక్క’ కూడా మీవాళ్లేగా? గుంటనక్క కూర్చునేది తన గోతి దగ్గరే. రెండు మూడు దారులున్న గుంట తవ్వుకుని, లోపల పిల్లలుంటే తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా కాస్తాయి. మనమైతే దాన్ని అరుగు మీద కూర్చోవడం అంటాం.

ఇక తమరి పేరులో మొదటి సగం. ఉత్తరాంధ్రలో గుంట అంటే పిల్ల. ఆ అర్థమే ఖాయం చేసుంటే ఈ సైజుకి అతికినట్టు సరిపోయేది. భూమి లెక్కల్లో గుంట అంటే 121 చదరపు గజాలు, నలభై గుంటలు ఒక ఎకరం. ఈ అర్థంలో చూస్తే గుంటనక్కకి గుంట భూమి కూడా లేదు. 1800లో జార్జ్ షా అనే ఇంగ్లీషాయన దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. అదే ఏడాది నిజాం సీమ జిల్లాలను కంపెనీకి రాసిచ్చాడు. నేలకి కాగితాలు ఆనాటి నుంచీ మారుతూనే ఉన్నాయి. నక్కకి మాత్రం ఆ ఒక్క లాటిన్ పేరే మిగిలింది. అందులోనూ ‘బెంగాల్’ ఉంది, ఉండేది మన మెట్టల్లో కూడా అయినా. ఈ ఉపఖండం దాటితే ఇది ఇంకెక్కడా లేదు.

దీనికి దట్టమైన అడవి పనికిరాదు. పొట్టి గడ్డి, అక్కడక్కడా ముళ్లపొదలు ఉన్న బయలు కావాలి. రికార్డుల్లో అలాంటి నేలకి మనం పెట్టిన పేరు బంజరు. ఆ ఒక్క మాట రాస్తే చాలు, దున్నొచ్చు, ప్లాట్లు కొట్టొచ్చు, సోలార్ పలకలు పరచొచ్చు. అవేవీ కుదరకపోతే హరిత కార్యక్రమమని మొక్కలు నాటి ఫొటో దిగొచ్చు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో గడ్డినేలని 1988లో అభయారణ్యం చేశారు, బట్టమేక పిట్ట కోసం. పిట్ట పేరు చెప్పుకుని గుంటనక్కలకూ ఒక అడ్రస్ దొరికింది, వాటి గుంటలు లెక్కపెట్టి శాస్త్రవేత్తలు పత్రాలు కూడా రాశారు. ఇప్పుడక్కడ బట్టమేక కనిపించడమే గగనమైంది. ఇక మన ఊరకుక్కలు చేయాల్సింది అవీ చేస్తున్నాయి: తరుముతాయి, డిస్టెంపర్ అనే కుక్కల జబ్బు అంటిస్తాయి, పిచ్చి పట్టినవైతే కరుస్తాయి.

కాబట్టి తమరిని కోరేది ఒక్కటే. ఉద్యోగం మానేయమనను, తమరు లేకపోతే ఎన్నికల సభల్లో మైకులు మూగబోతాయి. కానీ బరువు పరిమితి పెట్టుకోండి. ఇసుక లారీకే వే బ్రిడ్జి ఉంది. నాలుగు కిలోలు దాటినవాళ్ల మీదా, ఎనిమిదేళ్లు మించి కుర్చీలో ఉన్నవాళ్ల మీదా దయచేసి ఎక్కకండి. వాళ్లకి వేరే జంతువుని చూసుకోండి. ఏదీ దొరక్కపోతే వాళ్ల పేరే వాడండి.

ఇట్లు,
తమ విధేయుడు,
27 గుంటనక్కల బరువున్న ఒక బావ

తా.క.: పోస్టు చేసే ముందు ఈ ఉత్తరం మా బావమరిదికి చదివి వినిపించాను. చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. "ఇంతసేపు నక్క గురించి చెప్పి, గట్టు ఎన్ని అడుగులు జరిపావో మాత్రం చెప్పలేదు. నేనన్నదాంట్లో తప్పేముంది బావా?" అన్నాడు.